కాలనీ పార్కుకు నిధులు తెచ్చుకోవడం ఎలా?

పార్కుకని వదిలిన స్థలంలో తుమ్మచెట్లు, ఇళ్లు కట్టగా మిగిలిన కంకర కుప్పలు కనిపించని కాలనీలు తక్కువ. ఎవరిని అడిగినా నిధులు లేవంటారు. పదిహేనేళ్లుగా కాలనీ సంఘాల పనుల్లో తిరుగుతున్నాను. డబ్బు లేక ఆగిన పార్కు నాకు ఒక్కటీ తగల్లేదు, ఆగినవన్నీ కాగితం లేక ఆగినవే. తెలంగాణ పట్టణాల సంగతి రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో చట్టాల పేర్లు మారతాయి కానీ పని వరుస ఇదే.

ముందు సంఘాన్ని 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించి, బ్యాంకు ఖాతా తెరవండి. ఏడుగురు సభ్యులుంటే చాలు. ఇది వారం పని.

రెండోది స్థలం కాగితాలు. అందరూ ఇక్కడే తొందరపడి బోల్తా పడతారు. అనుమతి పొందిన లేఅవుట్లలో సాధారణంగా పదో వంతు ఖాళీ స్థలంగా వదిలి, దాన్ని స్థానిక సంస్థ పేరిట గిఫ్ట్ డీడ్‌గా, అంటే దానపత్రంగా, రిజిస్టర్ చేయాలి. నక్షాలో పచ్చరంగు వేసి ఉంది కదా, ఇక మనదేననుకోకండి. నక్షా వేరు, రిజిస్ట్రేషన్ వేరు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో గిఫ్ట్ డీడ్ నకలు, ఆ సర్వే నంబరుకు ఈసీ (ఆ స్థలంపై రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) తీసుకోండి. అదే స్థలానికి ప్లాట్ల నంబర్లు వేసి ఎవరికైనా అమ్మి ఉంటే ఈసీలో బయటపడుతుంది. ఆమోదించిన లేఅవుట్ నకలు మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగంలో అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సిందే.

ఆ తర్వాత టేపు పట్టుకుని కొలవండి. మా పక్క కాలనీలో గిఫ్ట్ డీడ్ ప్రకారం పార్కు 1,210 గజాలు. నేలమీద కొలిస్తే 1,040 వచ్చింది. మిగతా 170 గజాలు ఉత్తరం వైపు ఇంటి ప్రహరీ లోపల ఉన్నాయి. అందులో ఒక నీళ్ల సంపు, పక్కనే ఏపుగా ఎదిగిన కరివేపాకు చెట్టు. అప్పటికే ఒక కంపెనీ డబ్బిస్తానని ఒప్పుకుంది. హద్దుల తగాదా ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి దాటింది, ఆ డబ్బు వేరే ఊరికి వెళ్లిపోయింది. ముందే కొలిచి ఉంటే పార్కు వచ్చి ఉండేదని ఇప్పటికీ బాధపడతాను.

తేడా కనబడితే ఇరుగుపొరుగుతో గొడవకు దిగకండి. మున్సిపల్ కమిషనర్‌కు రాసి, సర్వే చేయించి, హద్దురాళ్లు పాతించండి. ఆ స్థలాన్ని రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత ఆస్తుల జాబితాలో చేర్చమని అదే దరఖాస్తులో కోరండి. హైదరాబాద్‌లో ఆక్రమణ ఉంటే ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించడానికి 2024లో ఏర్పడిన హైడ్రా సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. మొక్క నాటడానికి ముందే కంచె పడాలి. కంచె లేని చోట మొక్కలు నాటించే నాయకులను పిలవకండి, ఫోటో దిగి వెళతారు, మేకలు మిగిలిన పని చూస్తాయి.

ఇక డబ్బు. మొదట మున్సిపాలిటీ దగ్గరికే వెళ్లాలి. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలి. కొత్త బడ్జెట్ తయారయ్యే ముందే, మున్సిపల్ ఇంజనీరు వేసిన అంచనాతో ఒకే పేజీ దరఖాస్తు ఇవ్వండి. రెండు పేజీలు రాస్తే ఎవరూ చదవరు. మీ అంతట మీరు బయట అంచనా వేయించుకోకండి, అది ఫైల్లో పనికిరాదు.

రెండోది ఎంపీ నిధులు. ఏటా ఒక్కో ఎంపీకి 5 కోట్లు. ఎంపీ సిఫారసు చేస్తారు, జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. నిర్మాణానికే తప్ప కాపలాదారు జీతానికి ఈ డబ్బు రాదు. గ్రామాల్లో పల్లె ప్రకృతి వనాలకు ఉపాధి హామీ నిధులే ఎక్కువగా ఆదుకున్నాయి.

మూడోది కంపెనీల సామాజిక బాధ్యత నిధి. ఏడాదికి 5 కోట్ల నికర లాభం దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం ఇలాంటి పనులకు వెచ్చించాలని 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షన్ చెబుతోంది. పర్యావరణ పరిరక్షణ అందులోకి వస్తుంది. అయితే ఆ డబ్బు మీ సంఘం ఖాతాలో పడాలంటే ఈ నిధి తీసుకునే సంస్థలు కేంద్రం దగ్గర చేసుకునే సీఎస్ఆర్-1 నమోదు, ఆదాయపు పన్ను శాఖ దగ్గర ధార్మిక సంస్థగా నమోదు (12ఎ), దాతలకు పన్ను మినహాయింపు ఇచ్చే అనుమతి (80జి) కావాలి. కాలనీ సంఘాలకు అవి సాధారణంగా ఉండవు. అందుకే కమిషనర్ సమ్మతి లేఖ తీసుకెళ్లి, పని కంపెనీయే నేరుగా చేయించాలని అడగండి. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లాలి, ఫిబ్రవరిలో వెళ్తే అప్పటికే డబ్బు పంచేసి ఉంటారు.

కొందరు ముందు ఇంటింటా చందాలు వసూలు చేసి గేటు, ఆర్చి కడతారు. ఇది పొరపాటు. కాలనీ డబ్బును నిర్వహణకు దాచాలి, నెలకు ఇంటికి వంద రూపాయలు చాలు.

నడక దారికి మొరం పోసి రోలరుతో తొక్కించండి, టైల్స్ వద్దు. వానలో జారతాయి, రెండేళ్లలో వేర్లు వాటిని పైకి లేపుతాయి. చెట్లు వేప, కానుగ. కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు జోలికి పోకండి.

బోరు మోటారుకు కరెంటు మీటరు మున్సిపాలిటీ పేరిట తీసుకునేలా పని మొదలయ్యే ముందే రాయించుకోండి. సంఘం అధ్యక్షుడి పేరిట తీసుకుంటే, ఆయన ఇల్లు మారిన నెలే ఆ కనెక్షన్ పోతుంది.