పాత ఆల్టో కింద టకటకా? షాకులు మార్చే ముందు రబ్బర్లు చూడండి

పదేళ్లు దాటిన చిన్న కారు గతుకుల్లో దడదడలాడిందంటే చాలు, “షాకులు పోయినట్టున్నాయి” అనేస్తారు. నాలుగు షాక్ అబ్జార్బర్లూ మార్పిస్తారు. డబ్బు పోతుంది, శబ్దం మాత్రం పోదు. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చే పాత ఆల్టోలు, మారుతీ 800లు, వ్యాగన్ఆర్‌ల కింద నాకు ఎక్కువగా కనిపించేవి ఎండి పగిలిన బుష్‌లు (ఇనుప భాగాలు కలిసే చోట ఉండే రబ్బర్లు), లూజైన బాల్ జాయింట్లు (చక్రం అటూ ఇటూ తిరగడానికి వీలిచ్చే గుండు కీళ్లు). షాకు ధరతో పోలిస్తే బుష్ ధర ఏపాటిది? అందుకే ఏ పార్టు అరిగిందో తేలేదాకా పానా పట్టొద్దంటాను.

ముందు డిక్కీ ఖాళీ చేయండి. స్టెప్నీ బిగించకపోయినా, జాకీ తన క్లిప్పులోంచి ఊడినా అచ్చం సస్పెన్షన్ శబ్దమే వస్తుంది. సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు కూడా చూడండి. తర్వాత అద్దాలు దించి, ప్రహరీ గోడ పక్కగా నెమ్మదిగా నడపండి. గోడకు తగిలి శబ్దం తిరిగొస్తుంది కాబట్టి ఏ చక్రం దగ్గర్నుంచో తేలిగ్గా పట్టుకోవచ్చు. గతుకు మీద బ్రేక్‌ను కాస్త తొక్కిపెట్టినప్పుడు శబ్దం ఆగిపోతే అది బ్రేక్ ప్యాడ్లదో, వాటిని నొక్కే క్యాలిపర్‌దో అయ్యుండొచ్చు. సస్పెన్షన్ విప్పడానికి తొందరపడొద్దు.

చిన్న చిన్న గతుకుల్లో టకటకమంటే స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) బుష్‌లను అనుమానించండి. బ్రేక్ వేయగానే ఒక్కసారి ‘టక్’మని బండి పక్కకు లాగితే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే చేయి) బుష్. బండి ఆపి స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగ్ ‘టంగ్’మని జారినట్టు వినిపిస్తే స్ట్రట్ (స్ప్రింగ్‌తో కలిసి ఉండే ముందు షాకు) పైన ఉండే మౌంట్, బేరింగ్. నిజంగా షాకులు పోయిన బండికి శబ్దం కంటే ఊపు ఎక్కువ. స్పీడ్ బ్రేకర్ దాటాక కూడా ఊగుతూనే ఉంటుంది, టైరు మీద అక్కడక్కడా గుంటలుగా అరుగుతుంది, షాకు ఒంటి మీద తడి నూనెకు దుమ్ము పట్టి ముద్దగా ఉంటుంది. పైన సన్నగా చెమ్మ కనబడినంత మాత్రాన షాకు పోయిందనుకోకండి. కారుతుంటేనే మార్చాలి.

ఇక కిందికి వెళ్దాం. చదునైన గట్టి నేల కావాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు చెక్క దిమ్మలు పెట్టి, ముందు భాగం ఎత్తి స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. ఒక్క జాకీని నమ్ముకుని బండి కింద దూరొద్దు. ఈ మాట మా కుర్రాళ్లకు రోజూ చెబుతాను, మీకూ చెబుతున్నాను.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక ఉంటే బాల్ జాయింటో, వీల్ బేరింగో. ఇంకొకర్ని బ్రేక్ తొక్కమని మళ్లీ ఊపితే, కదలిక పోతే బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడు ఆడితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ చివరి కీలు) చూడండి. బాల్ జాయింట్ రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు బయటికొచ్చిందంటే లోపలికి ఇసుక చేరిపోయినట్టే. దాన్ని వాయిదా వేయకండి. అది ఊడితే చక్రం పక్కకు మడత పడిపోతుంది, స్టీరింగ్ ఇక మీ మాట వినదు. ఆ కదలిక కనబడ్డాక ఆ బండిని ఊరికి తీసుకెళ్లకండి, పార్టు వేసేదాకా కదపకండి.

బుష్‌ను కంటితో చూస్తే చాలదు. పొడుగాటి రాడ్డు పెట్టి లోయర్ ఆర్మ్‌ను ముందుకూ వెనక్కూ మెల్లగా గుంజాలి. పామర్రు నుంచి వచ్చే ఒక మాస్టారి 2008 ఆల్టో సంగతి చెబుతాను. వేరే చోట ముందు షాకులు రెండూ మార్పించుకుని వచ్చారు. “కొత్త షాకులే కదయ్యా, మళ్లీ ఈ మోత ఏంటి?” అన్నారు. పైకి బుష్ నల్లగా, నిండుగా ఉంది. రాడ్డు పెట్టి గుంజగానే రబ్బరు లోపలి ఇనుప గొట్టం నుంచి అర్ధచంద్రం ఆకారంలో విడిపోయింది. ఆ సందులో ఎర్రటి తుప్పు పొడి. వదలగానే మళ్లీ మూసుకుంది. అందుకే అంతకుముందు ఎవరి కంటా పడలేదు. “మాస్టారూ, షాకులు ఇంకా పనికొచ్చేవేనేమో, పోయింది ఇదీ” అని ఆయన్ని వంగి చూడమన్నాను.

మారుతీ 800లో ఇంకో సంగతుంది. అందులో స్టెబిలైజర్ బార్ బండిని ఒరగకుండా ఆపడమే కాదు, లోయర్ ఆర్మ్‌ను ముందూ వెనకా కదలకుండా పట్టుకునేది కూడా అదే. దాని చివరి బుష్‌లు అరిగితే బ్రేక్ వేసినప్పుడల్లా చక్రం వెనక్కి జరుగుతుంది. ఎంత అలైన్‌మెంట్ చేయించినా నిలవదు.

బుష్ మార్చడం కష్టం కాదు, బిగించడంలోనే ఉంది కిటుకు. జాకీ ఎత్తకముందే హబ్ (చక్రం నడిబొడ్డు) మధ్య నుంచి పైనున్న ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. పాత బోల్టులకు తుప్పు వదిలే ఆయిల్ ముందు రోజు రాత్రే కొట్టి ఉంచండి. మచిలీపట్నం, కాకినాడ వైపు బండ్లకు ఉప్పుగాలి వల్ల ఇది తప్పదు. టై రాడ్ ఎండ్ విడదీయాలంటే నట్టు సగం విప్పి, నకుల్ (చక్రం హబ్‌ను మోసే ఇనుప ముక్క) కన్ను పక్క మీద సుత్తితో కొట్టండి, బోల్టు మర మీద కాదు. బుష్‌ను ప్రెస్‌లో దింపేటప్పుడు సబ్బు నీళ్లు చాలు. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రాస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

ఆర్మ్ ఎక్కించాక బోల్టును చేత్తో పట్టేంతవరకే తిప్పి ఆపేయండి. చక్రం గాల్లో వేలాడుతుండగా గట్టిగా బిగిస్తే, లోపలి గొట్టం ఆ కోణంలోనే పట్టుకుపోతుంది. బండి నేలకు దిగగానే రబ్బరు మెలిపడుతుంది, పొద్దస్తమానం అలా మెలిపడే ఉంటుంది. కొత్త బుష్ నెలల్లోనే చిరిగిపోవడానికి పెద్ద కారణం ఇదే. పిట్ (బండి కింద దిగి పనిచేసే గుంత) ఉంటే నాలుగు చక్రాలూ నేల మీద ఉంచి బిగించండి. లేకపోతే స్టాండ్లు తీయకుండానే, ఆర్మ్ చివర బాల్ జాయింట్ దగ్గర జాకీతో మెల్లగా ఎత్తి, మీరు రాసుకున్న కొలత వచ్చాక బిగించండి. నట్టు ఊడకుండా అడ్డంగా వేసే స్ప్లిట్ పిన్ కొత్తదే వేయాలి, పాతది సాగదీసి వాడొద్దు.

ముందు షాకులు మార్చాల్సే వస్తే రెండూ కలిపి మార్చండి. స్ప్రింగ్‌ను కంప్రెసర్‌తో నొక్కి పట్టకుండా స్ట్రట్ పై నట్టు విప్పితే ప్రాణం మీదికొస్తుంది. ఆ సాధనం లేనివాళ్లు స్ట్రట్‌ను ఊడదీసి షెడ్డుకు తెచ్చుకోవడం మేలు. స్ట్రట్ విప్పినప్పుడు నకుల్ బరువు బ్రేక్ పైపు మీద పడకుండా తీగతో కట్టేయండి. పాత ఆల్టో వెనక షాకులు మాత్రం ఇంట్లో చేసుకోదగ్గ పనే. యాక్సిల్ కింద జాకీ ఆసరా ఇచ్చి, ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు విప్పాలి. రెండూ ఒకేసారి ఊడదీస్తే యాక్సిల్ కిందికి దిగి స్ప్రింగులు జారతాయి.

పార్టులు కొనేటప్పుడు బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్‌లకు పాత సామాను కొట్ల జోలికి పోకండి. తక్కువ తిరిగిన బండిదైనా రబ్బరు వయసుతో గట్టిపడుతుంది. లోయర్ ఆర్మ్ మొత్తం సెట్టుగా దొరికితే, బుష్, జాయింట్ రెండూ అరిగినప్పుడు సెట్టే తీసుకోండి. కూలీ ఒకసారితో పోతుంది.

ఆర్మ్, టై రాడ్, స్ట్రట్, వీటిలో ఏది ముట్టుకున్నా అలైన్‌మెంట్ చేయించాల్సిందే. దానికి ముందు టైర్లలో గాలి సరిచూడండి. కొన్ని రోజులు తిరిగాక బిగింపులు ఇంకోసారి చూడండి, కొత్త రబ్బరు కూర్చున్నాక నట్టు కాస్త వదులవ్వచ్చు.