మోకాళ్లు బాగాలేనివారు యుద్ధకళను ఎంచుకోవడం ఎలా

మోకాళ్ల నొప్పి ఉన్నవారు ఏ యుద్ధకళ నేర్చుకోవచ్చు అని అడిగితే చాలామంది ఒక పేరు చెప్పి ఊరుకుంటారు. నెమ్మదిగా కదులుతూ చేసే చైనా కళ తాయ్ చీ అయితే ఫరవాలేదని ఒకరు, తన్నులు ఎక్కువగా ఉండే తైక్వాండో జోలికి పోవద్దని మరొకరు అంటారు. ఆ సలహాలు పూర్తిగా తప్పు కావు గానీ, వాటిని నమ్ముకుని చేరినవారు కొందరు రెండు నెలలు తిరగకుండానే కుంటుకుంటూ మానేయడం నేను చూశాను. చూడవలసింది కళ పేరు కాదు, ఆ కళ సాధనలో మోకాలికి పడే పని. ఒకే కరాటేను ఒక శిక్షకుడు లోతుగా వంగిన నిలకడలతోనూ, మరొకరు దాదాపు నిటారుగా నిలబెట్టీ నేర్పుతారు. మీ మోకాలికి సంబంధించినంత వరకు ఆ రెండూ వేర్వేరు విద్యలే.

అందుచేత ముందు మీ మోకాలి సంగతి మీకు స్పష్టంగా తెలియాలి. మెట్లు దిగేటప్పుడు, గొంతుక్కూర్చున్నప్పుడు (పాదాల మీద పూర్తిగా కిందికి కూర్చున్నప్పుడు), చాలాసేపు కాలు ముడుచుకుని కూర్చుని లేచినప్పుడు ముందువైపు నొప్పి వస్తే అది తరచుగా మోకాలి చిప్పకు సంబంధించిన బాధ అయి ఉంటుంది. తొడ ఎముకకూ కాలి ఎముకకూ నడుమ నెలవంక ఆకారంలో ఉండే మృదులాస్థి చిరిగినవారికి, కాలు మెలిపడినప్పుడూ పూర్తిగా ముడిచినప్పుడూ నొప్పి ఎక్కువవుతుంది. లోపలి కట్టుతాడు, అంటే లిగమెంట్, తెగినవారికి నొప్పి పెద్దగా లేకపోయినా, చటుక్కున దిశ మార్చినప్పుడు మోకాలు పక్కకు జారిపోయినట్టు అనిపిస్తుంది. కీలు అరిగినవారికి గెంతులూ, ఎక్కువసేపు నిలబడడమూ కష్టం. ఇవి గుర్తులు మాత్రమే, నిర్ధారణ చేయవలసింది ఎముకల వైద్యుడే. మోకాలు మధ్యలో పట్టేసి చాపడానికి రాకపోయినా, వాపు దిగకపోయినా, నడుస్తుండగా కాలు మడతపడిపోతున్నా, వైద్యుణ్ణి కలిసే వరకు ఏ శిక్షణలోనూ చేరకండి.

మోకాలు ముఖ్యంగా తలుపు బందులాంటి కీలు. ముడుచుకోవడం, చాచుకోవడం దానికి బాగా తెలుసు. పక్కలకు తిరిగే వెసులుబాటు మాత్రం కాలు వంగి ఉన్నప్పుడు కొద్దిగా ఉంటుంది, పూర్తిగా చాచి నిలబడినప్పుడు దాదాపు ఉండదు. కాబట్టి పాదం నేలకు అతుక్కుపోయి, ఒంటి బరువంతా ఆ కాలి మీద ఉండగా నడుము తిరిగితే, తుంటి దగ్గరా పాదం దగ్గరా తిరగవలసిన ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. దానితో పాటు మరో నాలుగింటిని గమనించాలి. బరువు మోస్తూ లోతుగా వంగడం, మోకాళ్ల మీద కూర్చోవడం లేదా నడవడం, గెంతి దిగడం, ఎదుటివారి శరీరం పక్కనుంచి వచ్చి మీ కాలి మీద పడడం. ఈ అయిదింటిలో మీ మోకాలు దేనికి ఓర్చుకోదో తెలిస్తే ఎంపిక సగం తేలినట్టే.

ఈ దృష్టితో చూస్తే, గుద్దులు ప్రధానంగా ఉండే బాక్సింగ్ చాలామందికి అనుకున్నంత కష్టం కాదు. తన్నులు లేవు, కింద పడవేయడం లేదు, మోకాళ్లు కొద్దిగానే వంచి నిలబడతారు. అయితే వెనుక చేతితో గుద్దేటప్పుడు వెనుక మడమ లేచి పాదం కూడా తిరగాలి, తిరగకపోతే మెలిక మోకాలికే చేరుతుంది. సన్నాహంలో భాగమైన తాడాట (స్కిప్పింగ్) బదులు వేరే వ్యాయామం ఇస్తారా అని ముందే అడగండి.

కర్రతో సాధన చేసే విద్యలనూ పరిశీలించవచ్చు. 2009లో ఫిలిప్పీన్స్ జాతీయ క్రీడగా ప్రకటించిన అర్నిస్‌లో పని ఎక్కువగా చేతులదీ, చిన్న చిన్న అడుగులదీ. మన కర్రసాములో నిలబడి చేసే తిప్పుళ్లు, అడుగులు మేలే. గెంతులూ, నేలబారు భంగిమలూ ఉండే ప్రదర్శన భాగాన్ని మాత్రం వదిలేయవచ్చు.

తాయ్ చీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మోకాలి కీళ్ల అరుగుదల ఉన్న 204 మందితో అమెరికాలో జరిపి 2016లో ప్రచురించిన పరిశోధనలో, 12 వారాలు తాయ్ చీ చేసినవారికీ ఫిజియోథెరపీ చేయించుకున్నవారికీ దాదాపు సమానమైన ఉపశమనం కనిపించింది. ఇది ధైర్యమిచ్చే విషయమే. కానీ నెమ్మదిగా చేస్తున్నాం కదా, ప్రమాదమేముందిలే అనుకోవడం సరికాదు. నెమ్మదిగా చేయడం వల్లనే ఒంటి బరువు ఒకే కాలి మీద ఎక్కువసేపు నిలుస్తుంది. బరువంతా మోపిన పాదాన్ని అలాగే ఉంచి నడుము తిప్పేవారికీ, మోకాలిని బొటనవేలి కన్నా లోపలికి వాలనిచ్చేవారికీ ఈ సాధనతోనే నొప్పి మొదలవుతుంది. మోకాలు ఎప్పుడూ పాదం చూసే దిక్కునే చూడాలి. నిలకడ ఎత్తుగా ఉన్నా విద్యకు లోటేమీ రాదు.

జపాన్ యుద్ధకళ అయికిడో మృదువైనదనే పేరు విని చేరేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. అందులో మనం వజ్రాసనం అనే పద్ధతిలో కూర్చోవడం మామూలు, మోకాళ్ల మీద నడుస్తూ చేసే సాధన కూడా ఉంది. కత్తి దూసే విద్య అయిన ఇయాయిడోలో చాలా విన్యాసాలు ఆ ఆసనంలోంచే మొదలవుతాయి. కూర్చోలేనివారిని నిలబడి చేయనిచ్చే శిక్షకులు ఉన్నారు, ఆ మాట చేరకముందే తేల్చుకోండి. చైనా కళ వింగ్ చున్‌లో మోకాళ్లు లోపలికి తిప్పి నిలబడే మూల భంగిమ కూడా అందరికీ సరిపడదు.

తైక్వాండో, ముయే థాయ్ వంటి తన్నుల కళల్లో తన్నే కాలి కన్నా నిలబడిన కాలికే ఎక్కువ ముప్పు. పక్కనుంచి తిప్పి తన్నేటప్పుడు నిలబడిన పాదం మడమ లక్ష్యం వైపుకు తిరగాలి. అంటుకుపోయే చాప మీద ఉత్తకాళ్లతో అది కష్టమవుతుంది. లిగమెంట్ తెగినవారు ఈ కళలను, ముఖ్యంగా ఎగిరి తన్నే భాగాన్ని, వైద్యుడు ఒప్పుకునేదాకా పక్కన పెట్టడమే నా సలహా.

ఎదుటివారిని పట్టుకుని పోరాడే విద్యల దగ్గర నేను మరింత జాగ్రత్త చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మీ మోకాలు ఎదుటివారి చేతుల్లో ఉంటుంది. జూడోలో తానీ ఓతోషి అనే వెనుకకు పడవేసే పట్టును అనుభవం లేనివారు వేస్తే, వేసినవారి బరువు అవతలివారి మోకాలి పక్కభాగం మీద పడవచ్చు. కత్తెరలా కాళ్లు వేసి పడగొట్టే ‘కానీ బసామి’ అనే పట్టు వల్ల 1980లో జపాన్ జూడో క్రీడాకారుడు యమషిత యసుహిరో కాలి ఎముక విరిగింది, ఆ తర్వాత దానిని పోటీల్లో నిషేధించారు. బ్రెజిలియన్ జియుజిత్సులో నేల మీద సాధన ఎక్కువ కాబట్టి గెంతులు తక్కువ, కొందరికి అది అనుకూలమే. కానీ చాలాచోట్ల మోకాళ్ల మీద కూర్చునే పోరు మొదలుపెడతారు. మడమను మెలితిప్పే పట్టు మరీ ప్రమాదకరం, నొప్పి తెలిసేసరికే లోపల దెబ్బ తగిలి ఉండవచ్చు. ఆ పట్టు పడిందని తెలియగానే, నొప్పి కోసం ఎదురుచూడకుండా చేత్తో తట్టి ఓటమి ఒప్పుకోవాలి. మృదులాస్థి చిరిగినవారు వెల్లకిలా పడుకునో, కూర్చునో మొదలుపెట్టేందుకు అనుమతి అడగాలి.

కళను ఎంచుకున్నాక శిక్షకుణ్ణి ఎంచుకోవాలి. నా దృష్టిలో రెండోదే పెద్ద పని. డబ్బు కట్టే ముందు ఒక తరగతి ఆసాంతం పక్కన కూర్చుని చూడండి. సన్నాహంలో గుంజీళ్లూ, కప్పగంతులూ ఎన్ని చేయిస్తున్నారు, వయసు మళ్లినవారూ పాత గాయాలున్నవారూ ఎలా సాధన చేస్తున్నారు, ఎవరైనా ఒక వ్యాయామం వద్దంటే శిక్షకుడు ఏమంటున్నారు అనేవి గమనించండి. తరువాత సూటిగా చెప్పండి: “గురువుగారూ, నాకు ఎడమ మోకాలిలో మృదులాస్థి చిరిగింది. మెలికపడే కదలికలూ, గొంతుక్కూర్చోవడమూ వద్దన్నారు. వాటి బదులు ఏం చేయమంటారు?” బదులు ఏమిటో వెంటనే చెప్పగలిగినవారి దగ్గర చేరండి. నొప్పిని ఓర్చుకుంటే అదే పోతుందనేవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి. నేను ఆ మాట విని ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

చేరడానికి ముందు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఫిజియోథెరపిస్టు సూచన ప్రకారం తొడ, పిరుదు కండరాలను బలపరచుకుంటే మోకాలికి దన్ను దొరుకుతుంది. బరువు ఎక్కువగా ఉన్నవారికి ఇంకో మాట. మోకాళ్లు అరిగిన, అధిక బరువున్న పెద్దవారి మీద చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, తగ్గిన ప్రతి కిలోకూ అడుగు అడుగునా మోకాలి మీద భారం సుమారు నాలుగు కిలోలు తగ్గినట్టు తేలింది.

మొదటి నెల వారానికి రెండు తరగతులు చాలు, నడుమ కనీసం ఒక రోజు విరామం ఉండాలి. సాధన చేస్తుండగా కొద్దిపాటి నొప్పి వచ్చి మర్నాటికి మామూలు స్థితికి వస్తే కొనసాగించవచ్చు. మర్నాడు ఉదయం మెట్లు దిగేటప్పుడు ముందుకన్నా ఎక్కువ నొప్పి ఉంటే క్రితం రోజు చేసినదానిలో ఏదో ఎక్కువైందని గ్రహించి, ఏ కదలిక వల్లో రాసిపెట్టుకుని, తదుపరి తరగతిలో దాన్ని తగ్గించండి. వాపు వస్తే మాత్రం అది దిగేదాకా చాప ఎక్కకండి, రెండోసారి కూడా వస్తే ఆ రాసిపెట్టుకున్న కాగితంతోనే వైద్యుడి దగ్గరకు వెళ్లండి.