ఎకిడ్నాను అడవిలో చూడాలంటే ఎలా?

ఆస్ట్రేలియాలో ఉంటున్న మనవాళ్లు చుట్టాలొస్తే ఎకిడ్నాను, అంటే ఒంటినిండా ముళ్లుండి చీమలు తినే జంతువును, చూపించడానికి జూకి తీసుకెళ్తారు. అక్కర్లేదు. ఎడారిలోనూ, మంచు పడే కొండల్లోనూ, పొలాల పక్కనా, ఊరి చివర పార్కుల్లోనూ, చీమలో చెదపురుగులో ఉన్న చోటల్లా అది దొరుకుతుంది. నన్నడిగితే దక్షిణ తీరం దగ్గరి దీవి కంగారూ ఐలాండ్‌ను మించింది లేదు.

కావలసినవి: నీళ్లు, మట్టిరంగు బట్టలు, పాదం మొత్తం కప్పే బూట్లు. అది తిరిగే చోట కుట్టే చీమలు కూడా ఉంటాయి, చెప్పులు పనికిరావు. కుక్కను ఇంట్లోనే ఉంచండి.

వేసవి మధ్యాహ్నం వెళ్తే కాళ్లనొప్పులే మిగులుతాయి. ఎకిడ్నా ఒంటి వేడి 32 డిగ్రీల దగ్గర ఉంటుంది, చెమట పట్టదు, అందుకే ఎండ ముదిరితే బోలు దుంగలో దూరిపోతుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు, అంటే అక్కడి చలికాలంలో, కాస్త ఎండ పొడ తగిలాక వెళ్లండి. అది జతకట్టే కాలం కూడా, అదృష్టం ఉంటే ఒక ఆడదాని వెనక మగవి వరసకట్టి నడవడం కనిపిస్తుంది. చలి ఎక్కువుండే టాస్మేనియా దీవిలో, మంచు కొండలైన స్నోవీ మౌంటెన్స్‌లో మాత్రం చలికాలం చాలా వరకు నిద్రలోనే గడుపుతుంది, అక్కడికి అక్టోబరు, నవంబరుల్లో వెళ్లాలి. రాత్రిపూట టార్చి పట్టుకుని వెతికేవాళ్లను చూస్తే నాకు చిరాకు, దాన్ని బెదరగొట్టడం తప్ప ఒరిగేదేమీ లేదు.

జంతువును కాదు, ముందు గుర్తులను వెతకండి. గీరేసిన చీమల పుట్టలు, ముక్కు గుచ్చిన గరాటు లాంటి గుంటలు, చీల్చిన పుచ్చు దుంగలు. పెంటిక వేలంత లావు గొట్టంలా ఉంటుంది, విరిస్తే మట్టిలో చీమల పెంకులు మెరుస్తాయి. అడిలైడ్ యూనివర్సిటీ వాళ్లు ఎకిడ్నా సీఎస్‌ఐ పేరుతో జనం చేత వీటిని ఏరించి పరిశోధన చేశారు కూడా.

కనిపించాక చేసే పనే అసలు చిక్కు, నూటికి తొంభై మంది ఇక్కడే చెడగొడతారు. "అదిగో!" అని అరిచి ఫోను తీసి పరుగెత్తుతారు. దానికి చూపు అంతంత మాత్రమే గానీ చెవులు చురుకు, నేల అదిరినా తెలిసిపోతుంది. భయపడిందంటే నాలుగు కాళ్లతో నిలువునా మట్టిలోకి దిగిపోయి, ముళ్ల వీపు మాత్రం పైకి ఉంచుతుంది. ఇక ఆ రోజు ముఖం చూడలేరు.

కాబట్టి కనిపించగానే ఆగిపోండి. గాలి దాని వైపు నుంచి మీ వైపు వీచేలా నిలబడండి. అది ముక్కు మట్టిలో పెట్టి తవ్వుకుంటున్నప్పుడే ఒక్కో అడుగు వేయండి, తలెత్తితే బిగుసుకుపోవాలి. పది మీటర్ల దగ్గర ఆగి, కూర్చుని, మాట్లాడకుండా ఉంటే ఒక్కోసారి అదే మీ బూటు దాకా వచ్చి వాసన చూసి పోతుంది. జూమ్ లెన్స్‌ల మీద డబ్బు తగలేయడం కన్నా ఈ ఓపికే మేలు. అప్పటికే మట్టిలో దిగిపోయి ఉంటే తవ్వొద్దు, కర్రతో పొడవొద్దు, చప్పుడు చేయకుండా దూరంగా వెళ్లిపోండి.

పాపం కదా అని ఎత్తి కారులో వేసుకుని వేరే అడవిలో వదలడం మాత్రం ఘోరం. పాలిచ్చే తల్లి పిల్లను బొరియలో మూసిపెట్టి రోజుల తరబడి మేతకు తిరుగుతుంది, మీరు తీసుకెళ్తే ఆ పిల్ల ఆకలితో చస్తుంది. దెబ్బ తగిలి కనిపిస్తే అక్కడి వన్యప్రాణి రక్షణ వాళ్లకు ఫోన్ చేసి, దొరికిన చోటు కచ్చితంగా చెప్పండి. పెరట్లోకి వచ్చిందా, గేటు తీసిపెట్టండి. అదే పోతుంది.