ఎలుకల బెడద: ముందు కన్నం వెతకండి

బోను పెడతాం, రెండు పడతాయి. వారం పాటు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఆ తర్వాత అటక మీద మళ్లీ అదే చప్పుడు. పట్టిన ఎలుక పోయింది గానీ అది వచ్చిన దారి అలాగే ఉంది, ఆ దారిన ఇంకొకటి వచ్చింది. నేనూ రెండేళ్లు బోన్లు మారుస్తూ, మందులు మారుస్తూ గడిపాను. వంటగదిలో సింకు కింద, గోడలోకి పోయే పైపు చుట్టూ రెండు వేళ్లు పట్టేంత ఖాళీ ఉంది. దాన్ని సిమెంటుతో పూడ్చాకే మా బాధ తీరింది. అందుకే కింద ఏ సమస్య గురించి చెప్పినా చివరికి కన్నం దగ్గరికే వస్తాను.

అల్మారాలో, గోడల మూలల్లో నల్లటి పెంటికలు

వెంటనే ఊడ్చేయకండి. వచ్చినది ఏదో చెప్పేవి అవే. 3 నుంచి 6 మిల్లీమీటర్ల పొడవుతో, బియ్యపు గింజలా కొసలు సన్నగా ఉంటే అది చిట్టెలుక. 12 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే పెద్ద ఎలుక. మెత్తగా, మెరుస్తూ ఉంటే కొత్తవి. బూడిద రంగుకు తిరిగి, నొక్కితే పొడి అయితే పాతవి. మొత్తం శుభ్రం చేసి మర్నాడు చూడండి. కొత్తవి ఎక్కడ కనిపిస్తే అక్కడే వాటి రాకపోకలు.

ఈ తేడా ఎందుకంటే, చిట్టెలుక పెన్సిల్ దూరేంత, అంటే సుమారు 6 మిల్లీమీటర్ల సందులోంచి వచ్చేస్తుంది. సాధారణంగా గూటి నుంచి పది మీటర్లు దాటి పోదు. కాబట్టి దాని గూడు ఆ గదిలోనో పక్క గదిలోనో ఉంటుంది. పెద్ద ఎలుక ముప్పై, నలభై మీటర్లు తిరుగుతుంది. గూడు బయట కలుగులో, తిండి మీ వంటగదిలో ఉండొచ్చు. చిట్టెలుక కోసం సామాను జరిపి చూడాలి, పెద్ద ఎలుక కోసం ఇంటి చుట్టూ తిరిగి చూడాలి.

పెంటికలను పొడిగా ఉండగా చీపురుతో ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితో పాటు లోపలికి పోతుంది. అరగంట సేపు కిటికీలు తెరిచి ఉంచండి. చేతులకు గ్లవ్స్ వేసుకుని, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి వాటి మీద చల్లండి. ఐదు నిమిషాలు నాననిచ్చి కాగితంతో తుడిచి పారేయండి.

ఒక మాట. పొడవాటి మూతితో, ఘాటు వాసనతో, కిచకిచమంటూ గోడ వెంట పరుగెత్తేది ఎలుక కాదు, చుంచు. అది ముఖ్యంగా పురుగులను తిని బతుకుతుంది. వీలైతే బయటికి తరిమి వదిలేయండి.

రాత్రిపూట అటక మీద, పైకప్పులో పరుగుల చప్పుడు

ఈ ఎలుకలు ఎక్కడంలో ఆరితేరినవి. చెట్టు కొమ్మ, కేబుల్ వైరు, నీళ్ల పైపు, ఏది దొరికినా చాలు. కొమ్మలు పైకప్పుకు కనీసం రెండు మీటర్ల దూరంలో ఉండేలా కొట్టించండి. వెంటిలేటర్లకు, చూరు కింది సందులకు 6 మిల్లీమీటర్ల కన్నా చిన్న గళ్లున్న ఇనుప జాలీ బిగించండి. దోమల నెట్‌ను అవి ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. పగలు కూడా ఎలుకలు తిరుగుతున్నాయంటే చాలాసార్లు వాటి సంఖ్య బాగా పెరిగిందనే అర్థం. ఒకటి రెండు బోన్లతో తేలే పని కాదు.

కన్నం మూసినా మళ్లీ కొరికేస్తున్నాయి

తప్పు మూసిన పదార్థానిది. ఎలుక ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. వాటి ముందువైపు మాత్రమే గట్టి ఎనామిల్ ఉంటుంది, వెనకవైపు మెత్తగా ఉండి త్వరగా అరుగుతుంది. అందుకే కొరికిన కొద్దీ ఆ పళ్లు ఉలిలా పదునెక్కుతాయి. గుడ్డ, చెక్క, ప్లాస్టిక్, స్ప్రే చేసే ఫోమ్ వాటి ముందు నిలవవు. తుప్పు పట్టని స్టీలు పీచును కన్నంలో గట్టిగా కుక్కి, పైన సిమెంటు పూయండి. తలుపు కింద సందుకు లోహపు పట్టీ కొట్టించండి.

కన్నాలు దొరకడం లేదంటే చీకటి పడ్డాక ఒకరు లోపల టార్చి వేసి గోడల అడుగున, పైపుల దగ్గర తిప్పాలి, మరొకరు బయటి నుంచి చూడాలి. వెలుతురు కనిపించిన చోటల్లా దారే. గోడ అంచున జిడ్డు మరక కనిపించినా అది వాటి రోజువారీ బాట. రోజూ ఒళ్లు రాసుకుంటూ పోవడం వల్ల ఆ మరక పడుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. లోపల ఎలుకలు ఉండగానే అన్ని దారులూ ఒకేసారి మూసేస్తారు. అవి బయటపడటానికి కొత్తచోట కొరుకుతాయి, లేదా గోడలోనే చచ్చి వాసన కొడతాయి. చిన్న సందులన్నీ ముందు మూయండి. ఎక్కువగా వాడే దారిని ఒక్కటి వదిలి, లోపల బోన్లు పెట్టండి. నాలుగైదు రోజులు ఏదీ పడక, కొత్త పెంటికలు కూడా కనిపించకపోతే అప్పుడు ఆఖరి దారి మూయండి. అనుమానంగా ఉంటే ఆ కన్నం ముందు పలచగా పిండి చల్లి ఉంచండి. తెల్లారేసరికి అడుగులు పడకపోతే మూసేయవచ్చు.

బోను పెట్టినా పడటం లేదు

పెద్ద ఎలుకకు కొత్త వస్తువంటే భయం. నిన్నటిదాకా లేనిది ఈరోజు దారిలో కనిపిస్తే కొన్ని రోజులు దాని జోలికి రాదు. మనమేమో మూడో రోజుకే విసుగొచ్చి బోను చోటు మారుస్తాం. దానికది మళ్లీ కొత్త వస్తువే! కాబట్టి స్ప్రింగు బిగించకుండా, ఎర మాత్రం పెట్టి బోనును నాలుగు నుంచి ఏడు రోజులు అలాగే వదిలేయండి. అది ధైర్యంగా వచ్చి తినడం మొదలుపెట్టాక స్ప్రింగు బిగించండి. చిట్టెలుక స్వభావం దీనికి పూర్తిగా వ్యతిరేకం. కొత్త వస్తువు కనిపిస్తే దగ్గరికొచ్చి చూస్తుంది, మొదటి రాత్రే పడొచ్చు. మూడు నాలుగు రోజులైనా పడలేదంటే మీరు పెట్టిన చోటు తప్పు, మార్చండి.

ఎలుకలు గది మధ్యలోంచి పోవడానికి ఇష్టపడవు. మీసాలు, ఒళ్లు గోడకు తగిలేలా పోతాయి. స్ప్రింగు బోనును గోడకు అడ్డంగా, ఎర ఉన్న వైపు గోడకు ఆనేలా పెట్టాలి. చిట్టెలుకలకైతే రెండు మూడు మీటర్లకొకటి చొప్పున ఒకేసారి ఎక్కువ బోన్లు పెట్టడం మంచిది. ఎర బఠాణీ గింజంత చాలు. ఎక్కువ పెడితే అంచు నుంచి నాకేసి పోతుంది. గింజలు నూరిన జిగట ముద్దను లాక్కుపోలేదు కాబట్టి అదే మేలు. పక్కనే మూత లేని డబ్బా, నిండిన చెత్తబుట్ట, కుక్క గిన్నెలో మిగిలిన తిండి ఉంటే మీ ఎరను అది పట్టించుకోదు. పెద్ద ఎలుకకు రోజూ నీళ్లు కూడా కావాలి. కారే కుళాయి ఉంటే బాగు చేయించండి.

జిగురు అట్టలు నేను వాడను, వాడమని చెప్పను. వాటికి అతుక్కున్న ప్రాణి గంటల తరబడి గిలగిల్లాడుతుంది. బల్లులు, పిట్టలు కూడా అంటుకుపోతాయి.

మందు పెట్టాక ఇంట్లో దుర్వాసన

రక్తం గడ్డకట్టకుండా చేసే రకం మందు తిన్న ఎలుక వెంటనే చావదు. మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఆలోపు గోడలోకో అటక మూలకో చేరి అక్కడే చస్తుంది. మా ఇంట్లో అలా జరిగినప్పుడు రెండు వారాలు ఒక గది తలుపు మూసి ఉంచాల్సి వచ్చింది. వాసన ఎక్కువగా వచ్చే చోటు వెతికి తీయడం, గాలి ఆడేలా చేయడం తప్ప వేరే దారి లేదు. పైగా మందు తిన్న ఎలుకను తింటే పిల్లులకు, గుడ్లగూబలకు కూడా విషం ఎక్కుతుంది.

ఇంతకన్నా భయపెట్టే రకాలున్నాయి. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువు పుట్టిస్తుంది, దానికి విరుగుడు లేదు. పసుపు ఫాస్ఫరస్ పేస్టు మరీ ప్రమాదం. టూత్‌పేస్టు అనుకుని పిల్లలు నోట్లో పెట్టుకున్న సందర్భాలున్నాయి. తిన్న మొదటి రోజు, రెండో రోజు బాగానే ఉన్నట్టు కనిపించి, తర్వాత కాలేయం దెబ్బతింటుంది. దానికీ విరుగుడు లేదు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు అవుతుంది. పిల్లలున్న ఇంట్లో ఆ పేస్టు ఉండనే కూడదు. ఎవరైనా ఏ ఎలుకల మందు మింగినా, బాగానే ఉన్నారని ఆగకండి. ఆ డబ్బా చేతపట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రక్తం గడ్డకట్టకుండా చేసే రకానికి విటమిన్ కె1 విరుగుడుగా పనిచేస్తుంది. ఏ మందో డాక్టరుకు తెలియడం అందుకే ముఖ్యం.

పెరట్లో కలుగులు, గోడ పక్కన మట్టి కుప్పలు

ముందు అది వాడుకలో ఉన్న కలుగో కాదో చూడాలి. నోటి దగ్గర ఉండచుట్టిన కాగితమో, కొంచెం వదులు మట్టో వేసి ఉంచండి. ఒకటి రెండు రోజుల్లో మళ్లీ తెరుచుకుంటే లోపల ఉన్నాయి. కలుగు పక్కన గుట్టలుగా మట్టి పోసి ఉంటే పందికొక్కు అయి ఉండొచ్చు. అది పునాది పక్కన తవ్వుతుంటే నిర్లక్ష్యం చేయకండి.

రాలిన పండ్లు ఏ రోజువి ఆ రోజు ఏరేయండి. కంపోస్టు గుంతలో వండిన తిండి వేయకండి, దాని అడుగున ఇనుప జాలీ పరవండి. కట్టెలు, పాత ఇటుకలు నేలకు ముప్పై సెంటీమీటర్ల ఎత్తున, గోడకు దూరంగా పేర్చండి. తిండి, చాటు రెండూ పోయాక బోన్లు బాగా పనిచేస్తాయి. పట్టినవి పోయాక కలుగు తవ్వి, మట్టి పోసి గట్టిగా దిమ్మిస కొట్టండి.

వైర్లు కొరకడం, శబ్దాల యంత్రాలు

కొరికిన వైరుకు టేపు చుట్టి వాడకండి. మంటలు లేచే ప్రమాదం ఉంది, మార్పించండి. కారు చాలా రోజులు కదలకుండా ఉంటే బానెట్ కింద గూడు పెడతాయి, అప్పుడప్పుడు తెరిచి చూడండి. మనకు వినిపించని శబ్దంతో తరుముతామనే యంత్రాలకు డబ్బు పెట్టకండి. ఆ శబ్దం గోడలు దాటదు, సామాను వెనక్కి పోదు, కొన్నాళ్లకు ఎలుకలు దానికి అలవాటు పడతాయి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే ఇలాంటివి తయారుచేసే, అమ్మే 60కి పైగా సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది.

ఎలుకలున్న ఇంట్లో ఎవరికైనా జ్వరం

ఎలుక మూత్రం కలిసిన నీళ్లు, బురద కాలి మీది పుండుకు తగిలితే లెప్టోస్పైరోసిస్ రావొచ్చు. జ్వరం, పిక్కల్లో తీవ్రమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం దాని గుర్తులు. అలాంటి నీళ్లు తగిలిన తర్వాత రెండు రోజుల నుంచి నెలలోపు ఎప్పుడైనా బయటపడుతుంది. తొలిరోజుల్లోనే యాంటీబయాటిక్‌తో తగ్గే జబ్బు, ఆలస్యమైతే కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి. డాక్టరు అడగకపోయినా, ఇంట్లో ఎలుకలున్నాయని మీరే ముందుగా చెప్పండి.