ఉచిత బొమ్మలకు లైసెన్సు అరలు

శుభలేఖ అచ్చుకు వెళ్లే ముందురోజు రాత్రి, అందులోని మామిడి తోరణం బొమ్మ ఎక్కడిదో గుర్తురాలేదు. డబ్బు తీసుకునే పనికి వాడవచ్చో లేదో తేలక, తీసేసి నేనే గీశాను. తెల్లవారింది.

అప్పటినుంచి ఉచితంగా దొరికే బొమ్మలను పూలు, అంచులు అని కాక, క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సును, అంటే వాడుకునే షరతులను బట్టి సర్దుతున్నాను. పేరు చెప్పకుండానే వాడుకోగల సీసీ0 ఒక ఫోల్డర్. చిత్రకారుడి పేరు చెప్పాల్సిన సీసీ బై మరొకటి. అందులో ప్రతి బొమ్మ పక్కన పేరు, లింకు రాసిన చిన్న టెక్స్ట్ ఫైలు. ఎన్‌సీ (నాన్ కమర్షియల్) అని ఉంటే వ్యాపారానికి పనికిరాదు, దూరంగా పెట్టాను. ఫైలు పేరు ‘తోరణం_సీసీబై_వికీమీడియా’ అన్నట్టుగా, బొమ్మ, లైసెన్సు, దొరికిన చోటు వరుసలో ఉంటుంది.

మండలి, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉచితంగా దొరకడం మన అదృష్టం. వాటి జిప్‌లో వచ్చే, ఆ లైసెన్సు రాసి ఉన్న ఓఎఫ్ఎల్ ఫైలును మాత్రం చెరిపేయకండి.