అరకు ఘాట్ దిగేముందు: బ్రేకు మీద కాలు ఆనించి కూర్చోకండి

చలికాలం వచ్చిందంటే విశాఖ నుంచి అరకు దారి కార్లతో నిండిపోతుంది. బండి లాగుతుందా, ఇంజన్ వేడెక్కుతుందా అని అందరూ ఎక్కేటప్పుడే టెన్షన్ పడతారు. నన్నడిగితే భయపడాల్సింది దిగేటప్పుడు.

చిన్న లెక్క చూడండి. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైమాటే. మనుషులు, సామానుతో కలిపి 1500 కిలోలున్న కారు 800 మీటర్లు కిందికి దిగితే దాదాపు 1.2 కోట్ల జౌళ్ల స్థితిశక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. 40 లీటర్ల మామూలు నీళ్లను మరిగే దాకా కాచే వేడి అది. గాలి, టైర్లు కొంత పంచుకుంటాయి. మిగిలింది ఇంజన్ మింగాలి, లేదా బ్రేకులు మింగాలి.

మొదటిసారి నేను మొత్తం బ్రేకులకే వదిలేశాను. ఫోర్త్ గేర్లో, కాలు పెడల్ మీద ఆనించి దిగాను. టైడా దగ్గర టీకి ఆపితే ముందు చక్రాల నుంచి మాడు వాసన. సీసాతో చెయ్యి కడుక్కుంటుంటే ఓ చుక్క డిస్క్ మీద పడి చుయ్‌మని ఎగిరిపోయింది. నీళ్లు పోద్దామనుకున్నాను. పక్కనున్న లారీ డ్రైవరు ఆపాడు: "పొయ్యకు బాబూ, వంకర్లు పోద్ది. ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగాల." ఎర్రగా కాలిన పెనం మీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో వంటింట్లో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నీడన ఆపి, అరగంట గాలికి వదిలేయడమే.

కాబట్టి వాలు మొదలవకముందే సెకండ్ గేరులోకి రండి. ఆటోమేటిక్ అయితే ఎల్ (అంటే లో గేరు), లేదా మాన్యువల్ మోడ్‌లో చిన్న గేరు. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు వేయాల్సి వస్తే గట్టిగా, కొద్దిసేపు నొక్కి పూర్తిగా వదిలేయండి. ఆ వదిలిన సమయంలోనే డిస్క్ చల్లారుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేసి దిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంజన్ ఆపేసేవాళ్లూ ఉన్నారు! ఇంజన్ ఆగితే రెండు మూడు తొక్కులకే పెడల్ బిగుసుకుపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది.

బయల్దేరే ముందు మెకానిక్ దగ్గర బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో అడగండి. అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక 140కే మరగొచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు. ద్రవాన్ని నొక్కితే కుదించుకోదు, ఆవిరి కుదించుకుంటుంది. అందుకే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి మార్పించడం చవక.

మలుపుల్లో వేగం సంగతి: 30లో వెళ్లే బండి 45కి చేరితే టైరు పట్టుకోవాల్సిన బలం ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు. మంచుకు తడిసిన రోడ్డు అంత పట్టు ఇవ్వదు.

గుడ్డి మలుపుల్లో హారన్ కొట్టండి. హారన్ ధ్వని తరంగం పొడవు దాదాపు మీటరు, అందుకే కొండ అంచు చుట్టూ వంగి అవతలికి చేరుతుంది. కాంతి తరంగం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు కనుక అలా వంగదు. రాత్రిపూట మాత్రం ఎదురు బండి వెలుగు ముందే కొండరాయి మీద పడుతుంది, గమనించండి. పొగమంచులో హైబీమ్ వేస్తే నీటి కణాలు ఆ వెలుగును మీ కళ్లలోకే కొడతాయి. డిమ్ చాలు.

ఎదురుగా ఎక్కే బండికి దారి ఇవ్వండి. చట్టమూ అదే. వాలులో ఆగితే మళ్లీ కదలడం అతనికే కష్టం.

ఆపినప్పుడు హ్యాండ్‌బ్రేక్ ఒక్కదాన్నే నమ్మకుండా గేర్లో ఉంచి, చక్రం కింద రాయి పెట్టండి. వెళ్లేటప్పుడు ఆ రాయిని రోడ్డు మీదే వదిలేయకండి, వెనకొచ్చే బైకువాడికి కనబడదు.