టమాటా ఆకులు పసుపెక్కితే ఎరువుకు ముందు చూడవలసినవి

టమాటా ఆకులు పసుపెక్కగానే చాలామంది గుప్పెడు ఎరువు తెచ్చి మొక్క మొదట్లో వేస్తారు. కారణం తెలుసుకోకుండా వేసే ఎరువు ఉన్న సమస్యను పెంచే అవకాశమే ఎక్కువ కనుక, పసుపు ముదురు ఆకుల్లో మొదలైందా, లేత ఆకుల్లోనా, ఆకంతా పరచుకుందా, ఈనెల (ఆకు నరాల) మధ్యనే ఉందా అన్నది ముందుగా గమనించాలి. పైభాగం పచ్చగా ఎదుగుతూ, నేలకు దగ్గరగా ఉన్న ఒకటి రెండు ఆకులే పండుతుంటే కంగారు అక్కరలేదు. వాటిని తుంచివేస్తే చాలు.

కుండీ మొక్కల విషయంలో మొదట అనుమానించవలసింది నీటినే. వేలిని రెండు కణుపుల లోతు వరకు మట్టిలోకి దించి చూడండి. తడి తగులుతుండగానే మళ్లీ నీరు పోస్తూ ఉంటే వేళ్లకు గాలి అందక ఆకులు పసుపెక్కుతాయి, మట్టి తడిగానే ఉన్నా మొక్క వాడిపోయినట్టు తల వాలుస్తుంది. అది దాహమనుకొని మరో చెంబెడు పోస్తే వేళ్లు కుళ్లిపోతాయి. కుండీ అడుగు రంధ్రం పూడుకుపోయిందేమో చూసి, పైమట్టి ఆరేవరకు నీరు ఆపాలి.

నీటిలో లోపం లేదని తేలాకే పోషకాల సంగతి. నత్రజనిని, మెగ్నీషియాన్ని మొక్క ముదురు ఆకుల నుంచి లేత ఆకులకు తరలించుకోగలదు కనుక, వీటి కొరత కింది ఆకుల్లోనే ముందు బయటపడుతుంది. ఆకంతా సమంగా పాలిపోతే నత్రజని లోపం. బాగా చివికిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్ట్ గానీ వేయాలి. ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య భాగం పసుపెక్కితే మెగ్నీషియం లోపం. లీటరు నీటికి 5 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కలిపి సాయంత్రం వేళ పిచికారీ చేయాలి. ఇదే లక్షణం చిగురాకుల్లో కనిపిస్తే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉన్నా, మట్టి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే పీహెచ్ 7 దాటితే వేళ్లు దానిని సరిగా తీసుకోలేవు. ఒకసారి బాగా పండిన ఆకు మళ్లీ పచ్చబడదు కాబట్టి, ఫలితాన్ని కొత్త ఆకుల్లోనే చూడాలి.

గోధుమరంగు మచ్చల్లో వలయాలు, చుట్టూ పసుపు అంచు ఉంటే అది ఆకుమచ్చ తెగులు. అలాంటి ఆకులను తీసివేసి, ఇకపై ఆకులు తడవకుండా మొక్క మొదట్లోనే నీరు పోయాలి. చిగుర్లు పైకి ముడుచుకొని, అంచులు పసుపెక్కి, మొక్క గిడసబారితే తెల్లదోమ మోసుకొచ్చిన ఆకుముడత వైరస్‌ను అనుమానించాలి. దీనికి మందు లేదు. మొక్కను పీకివేసి, మిగిలిన వాటి దగ్గర పసుపు జిగురు అట్టలు కట్టాలి. మొక్కలో ఒక పక్క ఆకులే పసుపెక్కి వాడిపోతూ, కాండాన్ని చీల్చినప్పుడు లోపల గోధుమరంగు చారలు కనిపిస్తే అది ఫ్యుసేరియం వడలు తెగులు కావచ్చు. ఆ మొక్కతో పాటు కుండీలోని మట్టినీ తీసివేయాలి, ఎందుకంటే ఈ శిలీంధ్రం మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది.